వాన బట్టలు, అత్తమ్మ దమ్ము, జీరో బిల్లు

మహబూబ్‌నగర్ పట్టణంలో ఒక రెండంతస్తుల ఇంటి కింది పోర్షన్‌లో అద్దెకుంటున్న ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు ప్రకటించవద్దని కోరారు. ఉత్తరం పొడవైనది కనుక సారాంశం మాత్రమే ఇస్తున్నాను.

ఇంట్లో ఆమె, భర్త, ఎనిమిది నెలల బాబు, అత్తమామలు ఉంటారు. ఆమె ఒక ప్రైవేటు పాఠశాలలో టీచరు. మిద్దె మీది దండేలు పై అంతస్తులో ఉండే ఇంటి యజమానులవి. ఎండాకాలంలో అడిగితే కాదనరు గాని, వానలు మొదలయ్యాక "మా బట్టలకే చాలుత లేదు" అంటారట. ఆషాఢం నుంచి ముసురు పట్టి బాబు గుడ్డలు, మామగారి పంచెలు, ఆమె స్కూలుకు కట్టుకునే చీరలు రెండేసి రోజులైనా ఆరక ముక్కవాసన కొడుతుంటే, సెలవుకు వచ్చిన ఆడబిడ్డ లండన్ నుంచి ఒక వస్తువు తెచ్చి ఇచ్చింది. రెక్కలు విప్పే అల్యూమినియం స్టాండు. ప్లగ్గు పెడితే కడ్డీలు వేడెక్కి, వాటి మీద వేసిన బట్టలు ఆరతాయి. 300 వాట్లది. ఇంట్లో అందరూ దాన్ని కరెంటు దండెం అంటున్నారు.

రోజూ రాత్రి పది గంటలకు ఆమె దాన్ని హాల్లో పరిచి, ఉతికిన బట్టలన్నీ దాని మీద వేసి, వేడి బయటకు పోకుండా పైన ఒక దుప్పటి కప్పి, జల్లు, దోమలు రాకుండా కిటికీలు మూసి, తెల్లవారి ఆరు గంటలకు ఆపుతారు. అదే హాల్లో అత్తగారు పడుకుంటారు. ఆమెకు ఆయాసం పాతది, ఇన్హేలర్ వాడతారు. పది రోజులు గడిచేసరికి "నీ కరెంటు దండెం పెట్టినప్పటి సంది నాకు దమ్ము ఎక్కువైంది" అనడం మొదలుపెట్టారు. మా కాలంలో కుంపటి మీద గంప బోర్లించి పసిగుడ్డలు ఆరబెట్టేవాళ్ళం, ఎవరికీ ఏమీ కాలేదు అని కూడా అంటున్నారు. బీరువా వెనక గోడకు నల్లగా బూజు కనిపించింది. దీనికి తోడు జూలై బిల్లు 231 యూనిట్లు వచ్చి, ఎప్పుడూ జీరో వచ్చే ఇంటికి పదమూడు వందల పైచిలుకు కట్టవలసి వచ్చింది. భర్త ఆ బిల్లు చూసి "తీసి అటక మీద పెట్టెయ్" అన్నారు. విచిత్రమేమిటంటే, అదే అత్తగారు ఫోన్‌లో కూతురితో మాత్రం "మస్తు పనికొస్తుంది బిడ్డా" అని చెబుతున్నారట.

ఉత్తరం చివర ఆమె అడిగిన మాటలివి: అత్తమ్మ దమ్ము నిజమా, నా మీద సాకా? ఆపేస్తే బాబు గుడ్డల సంగతేమిటి? దసరాకు మళ్ళీ వచ్చే ఆడబిడ్డకు ఏం చెప్పాలి? వాటి కింద, సంతకానికి పైన, ఇంకొక వాక్యం ఉంది. మామగారు పగలంతా హాల్లోనే ఉంటారు కనుక తన లోదుస్తులను పడకగది తలుపు వెనక, లంగా కింద దాచి ఆరవేసుకుంటున్నానని, నెల రోజులుగా దురద పెడుతోందని, ఎవరికీ చెప్పలేదని రాశారు.

సమాధానం

అమ్మా, మీ ఉత్తరంలో దాదాపు అంతా అత్తగారి దమ్ము గురించి, కరెంటు బిల్లు గురించి ఉంది. మీ ఒంటి సంగతి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. దాని దగ్గరకు తప్పక వస్తాను. ముందుగా మీరు సూటిగా అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు: అత్తగారి దమ్ము సాకు అనుకోవడానికి నాకు ఆధారమేమీ కనిపించలేదు, నిజమనుకోవడానికి మాత్రం మీ ఉత్తరంలోనే చాలా ఆధారాలున్నాయి.

కరెంటు దండెం బట్టల్లోని నీళ్ళను మాయం చేయదు. బట్టల్లోంచి తీసి గాలిలోకి పంపుతుంది, అంతే. మిద్దె మీద ఆరవేస్తే ఆ నీళ్ళు మీ పాలమూరు (మహబూబ్‌నగర్) ఆకాశంలోకి పోతాయి. కిటికీలు మూసిన హాల్లో ఆరవేస్తే హాల్లోనే ఉంటాయి. ఎన్ని నీళ్ళో తెలుసుకోవాలంటే, ప్రయాణాలప్పుడు సూట్‌కేసులు తూచుకునే కొక్కెం కాటా ఒకటి తీసుకోండి. పిండిన బట్టల బకెట్టును దానికి తగిలించి తూచండి. తెల్లవారి అవే బట్టలు ఆరాక అదే బకెట్టులో వేసి మళ్ళీ తూచండి. ఎన్ని కిలోలు తగ్గితే అన్ని లీటర్ల నీళ్ళు రాత్రికి రాత్రి మీ హాల్లోకి చేరాయన్న మాట. అయిదుగురి బట్టలకు, అందులోనూ పసిగుడ్డలు కలిసిన ఇంటికి, 3 లీటర్లు ఏమంత పెద్ద లెక్క కాదు.

ఇప్పుడు ఆ హాలు ఎన్ని నీళ్ళు మోయగలదో చూద్దాం. పది అడుగులకు పన్నెండు అని రాశారు. ఎత్తు పది అడుగులనుకుంటే అందులో ఉండే గాలి సుమారు 34 ఘనపు మీటర్లు. 28 డిగ్రీల వేడిలో ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 27 గ్రాముల ఆవిరిని మించి పట్టుకోలేదు. ముసురు రోజుల్లో ఆ 27లో ముప్పాతిక భాగం మీరు దండెం పరచక ముందే నిండి ఉంటుంది. మిగిలిన ఖాళీని హాలంతటికీ లెక్క కడితే పావు లీటరు కూడా రాదు. మీరు పోస్తున్నది 3 లీటర్లు. వేడి తగిలినందువల్ల గాలి ఇంకొంచెం ఎక్కువే మోస్తుంది, తలుపు సందుల్లోంచి కొంత బయటకు పోతుంది. అయినా మిగిలినది చల్లటి చోటు వెతుక్కుంటుంది. వాన తడిసిన బయటి గోడకు లోపలి వైపు, గాలి ఆడని బీరువా వెనక, పరుపు అడుగున చేరుతుంది. మీరు చూసిన నల్ల బూజు సరిగ్గా అక్కడే వచ్చింది. బూజు విడిచే సన్నటి రేణువులూ, చెమ్మ పెరిగిన పరుపుల్లో వృద్ధి చెందే కంటికి కనిపించని పురుగులూ ఆయాసం ఉన్నవారికి బాగా తెలిసిన శత్రువులు. ఆ గదిలో రాత్రంతా పడుకునేది మీ ఇంట్లో అత్తగారు ఒక్కరే కనుక, ఆ సంగతి అందరికంటే ముందు ఆమె ఛాతీకి తెలిసింది.

దీనితో ఆమె దమ్మంతా మీ దండెం వల్లనే వచ్చిందని నేను అనడం లేదు. వానాకాలంలో ఆయాసం మామూలుగానే తిరగబెడుతుంది. ఇంట్లో సాంబ్రాణి పొగ వేస్తుంటే, బట్టలకు ఘాటైన సువాసన ద్రవాలు వాడుతుంటే అవి కూడా కారణాలే. ఇన్హేలర్ ఎలా పీలుస్తున్నారన్నదీ ముఖ్యం. చాలామంది పెద్దవారు మందును గొంతు దాకానే పంపి ఊరుకుంటారు. మీ ఊళ్ళోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో గాని, మీకు అలవాటైన ఛాతీ వైద్యుల దగ్గర గాని ఒకసారి చూపించి, ఇంట్లో బట్టలు ఆరబెడుతున్నామని, గోడకు బూజు వచ్చిందని కూడా చెప్పండి. ఆ రెండు మాటలు చెప్పకపోతే వైద్యులకు సగం సంగతే తెలుస్తుంది.

కుంపటి ముచ్చట విషయంలో మాత్రం అత్తగారి మాట వినకండి. అప్పటివి పెంకుటిళ్ళు, పెంకుల సందుల్లోంచి పొగా ఆవిరీ రెండూ దారి చూసుకునేవి. ఇప్పటి స్లాబు గదిలో తలుపులు మూసి బొగ్గులు రాజేస్తే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. పసిబిడ్డ, ఆయాసం మనిషి ఉన్న ఇంట్లో దాని ఊసే వద్దు.

మరి లండన్‌లో ఇదే వస్తువు ఎలా పనిచేస్తోందని మీకు అనిపించవచ్చు. అక్కడి చలికాలంలో బయట 5 డిగ్రీలుంటే, వాన పడుతున్నా సరే, ఘనపు మీటరు గాలిలో 7 గ్రాములకు మించి ఆవిరి ఉండదు. ఆ గాలి కిటికీ సందులోంచి లోపలికి వచ్చి 20 డిగ్రీలకు వేడెక్కిందంటే 17 గ్రాముల దాకా మోయగలదు. అందువల్ల కిటికీ కొద్దిగా తెరిచినా బట్టలు ఆరిపోతాయి, పైగా దండెం ఇచ్చే వేడి గదికి కూడా పనికొస్తుంది. (అక్కడ కూడా కిటికీలు మూసుకుని ఆరబెట్టే ఇళ్ళలో బూజు గొడవ తక్కువేమీ కాదు.) మన దగ్గర బయటి గాలి ముందే నిండుగా వస్తుంది. ఘనపు మీటరుకు ఆరేడు గ్రాములే అదనంగా మోస్తుంది కనుక, 3 లీటర్లు బయటకు పోవాలంటే మీ హాలు గాలి పన్నెండు, పదమూడు సార్లు పూర్తిగా మారాలి. వినడానికి ఎక్కువగా ఉన్నా ఇది అసాధ్యమేమీ కాదు. ఒక వైపు కిటికీ తెరిచి, ఎదురు వైపు ఎగ్జాస్ట్ ఫ్యాను తిరుగుతుంటే గంటా రెండు గంటల పని. దీన్నిబట్టి మీరు మార్చవలసింది వస్తువునా, వాడే పద్ధతినా అన్నది ఆలోచించండి. దుప్పటి కప్పడం, కిటికీలు మూయడం, హాల్లో పెట్టడం, రాత్రంతా ఉంచడం అనే నాలుగు అలవాట్లూ కలిసి దాన్ని ఇంత చెడ్డదాన్ని చేశాయని నా అభిప్రాయం.

బిల్లు విషయంలో మీ భర్త కోపానికి అర్థముంది. 300 వాట్ల వస్తువు రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే 2.4 యూనిట్లు, నెలకు 72 యూనిట్లకు పైన. మీ ఇంటికి మామూలుగా 155 యూనిట్ల లోపు వస్తుందని రాశారు కనుక 231 ఎక్కడి నుంచి వచ్చిందో వెతకనక్కరలేదు. తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకే జీరో బిల్లు. ఒక్కటి దాటినా, దాటిన యూనిట్లకు మాత్రమే కాదు, ఆ నెల మొత్తానికీ కట్టాలి. అంటే మీకు చేతిలో ఉన్నది 45 యూనిట్లు, రోజుకు యూనిటున్నర. దండేన్ని రోజుకు మూడు గంటలు నడిపితే 0.9 యూనిట్లు, నెలకు 27. బిల్లు 182 దగ్గర ఆగుతుంది. రీడింగ్ తీసిన రోజున మీటరు మీది అంకె ఒక క్యాలెండరు మూలన రాసి పెట్టుకుని, పదిహేను రోజులకోసారి చూసుకుంటే నెలాఖరు గొడవ ఉండదు. ఆ అంకె మీ భర్త చేతనే రాయించండి. మీరు చెప్పే లెక్కకంటే తాను రాసుకున్న లెక్కను మనిషి ఎక్కువ నమ్ముతాడు.

అయితే మూడు గంటల్లో అన్ని బట్టలూ ఆరవు. ఒక లీటరు నీటిని ఆవిరి చేయడానికి దాదాపు యూనిట్‌లో మూడింట రెండు వంతుల వేడి కావాలి; దీనికి ఏ యంత్రమూ అతీతం కాదు. అదే లీటరును వాషింగ్ మెషీన్ స్పిన్‌లో గిరగిర తిప్పి బయటకు నెట్టడానికి అందులో పదో వంతు కరెంటు కూడా పట్టదు. మీది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్ అన్నారు, స్పిన్ తొట్టి గడగడలాడుతుందని రెండు నిమిషాలకే ఆపేస్తానన్నారు. అక్కడే చాలా నీళ్ళు బట్టల్లో మిగిలిపోతున్నాయి. తొట్టిలో బట్టలు ఒక పక్కకు కుప్పపడితే అలా గడగడలాడుతుంది. సగం తొట్టి మాత్రమే వేసి, చుట్టూ సమంగా పరిచి, పైన ఆ ప్లాస్టిక్ మూత నొక్కి, అయిదు నిమిషాలు పూర్తిగా తిరగనివ్వండి. బట్టలు తీసి దులిపి, మళ్ళీ వేసి ఇంకోసారి తిప్పినా ఖర్చు లెక్కలోకి రాదు. మామగారి పంచెలూ దుప్పట్లూ చేత్తో పిండి నేరుగా దండెం మీద వేసే అలవాటుంటే మాత్రం మానండి. ఆ నీళ్ళకు మీరు కరెంటు రూపంలో డబ్బు కడుతున్నారు.

దండెం మీద వేసే తీరు కూడా ఒకటుంది. వేడి కడ్డీది, గాలిది కాదు. కడ్డీకి తగిలిన చోట గుడ్డ గంటలో కరకరలాడుతుంది, అక్కడి నుంచి జానెడు కిందికి వేలాడే భాగం చల్లగా తడిగానే ఉంటుంది. నారాయణపేట నూలు చీర ఒకదాన్ని ఎనిమిది మడతలుగా మడిచి వేస్తే పై మడతా అడుగు మడతా ఆరి, నడిమి మడతల్లో వేలు పెడితే తేమ తగులుతుంది. ముక్కవాసన పుట్టేది అందులోనే. అంత పొడవు చీరలకు ఈ వస్తువు తగినది కాదు. జరీ ఉన్న గద్వాల చీరల్ని దాని దరికి కూడా రానివ్వకండి. చిన్న బట్టలు, అంటే బాబు గుడ్డలు, లోదుస్తులు, సాక్సులు, బ్లౌజులు ఒక్కొక్క కడ్డీ మీద ఒక్కొక్క పొరగా పరిచి, గంటకోసారి తిప్పి వేస్తే దీని అసలు పనితనం కనిపిస్తుంది. చీరలూ పంచెలూ గాలికి, ఫ్యాను కింద ముప్పాతిక ఆరాక ఇస్త్రీ పెట్టెతో ముగించవచ్చు. 1000 వాట్ల పెట్టె పావుగంట వాడితే పావు యూనిట్.

ఇక మీరు చివరన రాసిన సంగతి. తలుపు వెనక, మరో గుడ్డ కింద, గాలీ వెలుతురూ తగలకుండా ఆరిన లోదుస్తులు నిజానికి ఆరినట్టు కాదు. ఆ కొద్దిపాటి తడితోనే ఒంటి మీదికి వస్తాయి. వానాకాలంలో గజ్జల్లో, నడుము దగ్గర వచ్చే దురద చాలావరకు తామరే అవుతుంది, తడి దానికి మేత. మీది అదేనని ఉత్తరం చూసి నేను చెప్పలేను. నెల రోజులైందన్నారు కనుక చర్మవైద్యులకు చూపించుకోవాలి. అప్పటిదాకా మందుల షాపులో అడిగి ఏ ట్యూబూ తెచ్చుకోకండి. అలా ఇచ్చే వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. రెండు రోజులు దురద తగ్గినట్టు చేసి, తర్వాత తామరను మొండిగా మార్చుతుంది. చిన్నపిల్లాణ్ణి ఎత్తుకుని తిరిగేవారు కనుక, ఇది బిడ్డకు కూడా అంటుకోగలదన్న సంగతి గుర్తుంచుకోండి. సిగ్గుపడి దాచవలసిన జబ్బు ఇది కాదు. భర్తకు చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే "నాకు చర్మం డాక్టరు దగ్గర చూపించుకోవాలి" అన్న ఒక్క మాట చాలు, వివరాలు మీ ఇష్టం.

ఈ దురదను దృష్టిలో పెట్టుకుని చూస్తే, నాకు అన్నిటికంటే పొసిగే మార్గం కరెంటు దండేన్ని హాల్లోంచి తీసి మీ పడకగదిలోకి మార్చడం. అక్కడ మామగారు రారు, మీ బట్టలు దాచనక్కరలేదు, అత్తగారు పడుకునే చోట చెమ్మ చేరదు. కానీ దీనికీ ఒక ఖరీదుంది. ఆ గదిలో బాబు పడుకుంటాడు. అందువల్ల రాత్రి కాకుండా, స్కూలు నుంచి వచ్చాక బాబు హాల్లో నానమ్మ, తాతయ్యల దగ్గర ఆడుకునే సాయంత్రం మూడు గంటలకు దాన్ని పరిమితం చేయాలి. కిటికీ తెరిచి ఉండాలి, ఫ్యాను తిరగాలి, హాల్లోకి ఉన్న తలుపు మూసి ఉండాలి. లేకపోతే ఆవిరి మళ్ళీ అత్తగారి దగ్గరకే వస్తుంది. కిటికీ తెరిస్తే సాయంత్రం దోమల బెడద కనుక, అంటించుకునే దోమల జాలీ ఒకటి ముందే వేయించండి, డెంగీ రోజులివి. మూడు గంటలయ్యాక ఆపి, ఇంకో అరగంట కిటికీ తెరిచే ఉంచి, బీరువా వెనక, మంచం అడుగున గోడను చేత్తో తాకి చూస్తుండండి. చల్లగా జిగురుగా తగిలిందంటే బట్టలు తగ్గించాలి. గాలిలో తేమ చూపే చిన్న మీటర్లు కొన్ని వందల రూపాయలకు దొరుకుతున్నాయి. ఇంట్లో వాదన ఎక్కువగా ఉన్నప్పుడు, ఎవరి పక్షమూ కాని అంకె ఒకటి గోడకు ఉండటం మంచిదే.

పూర్తిగా ఆపేసే దారి కూడా ఉంది, అది తప్పేమీ కాదు. పాలమూరులో ముసురు ఏడాదికి కొన్ని వారాలే. వానల నడుమ ఎండ కాసే రోజులు మనకు బాగానే ఉంటాయి. బాబుకు ఇంకో రెండు డజన్ల గుడ్డలు కొని, ఉతుకును ఎండ రోజులకు మార్చుకుని, మిగతా రోజులు ఫ్యాను కింద గడిపే ఇళ్ళే ఎక్కువ. మీటరుకూ గొడవ ఉండదు. కాకపోతే తడి గుడ్డలు ఫ్యాను కింద ఆరినా ఆ నీళ్ళు కూడా గదిలోకే పోతాయి, కరెంటు దండెం లేదు కదా అని కిటికీలు మూస్తే బూజు మళ్ళీ వస్తుంది. పైగా మీ లోదుస్తుల సమస్య ఎక్కడిదక్కడే ఉంటుంది. వాటికి వేరే చోటు చూపించకుండా ఈ దారి ఎంచుకోవద్దని మాత్రం నా గట్టి అభిప్రాయం.

ఇంటి పక్క సందు గురించి మీరు ఒక ముక్క రాసి వదిలేశారు. మూడడుగుల సందు, పైన యజమానుల సజ్జ ఉందన్నారు. సజ్జ నుంచి ప్రహరీ దాకా పారదర్శకమైన రేకు ఒకటి వాలుగా వేయిస్తే జల్లు పడదు, గాలి ఆడుతుంది, కిందే రెండు దండేలు పడతాయి. యజమానులను మిద్దె మీద చోటు అడిగితే వాళ్ళ చోటు ఇవ్వవలసి వస్తుంది; సందులో రేకు అడిగితే వాళ్ళకు పోయేదేమీ లేదు. ఖర్చు మీరు పెట్టుకుంటామని, ఖాళీ చేసేటప్పుడు రేకు అక్కడే వదిలేస్తామని మామగారి చేత అడిగించండి. కాదంటే పోయేదేమీ లేదు, అవునంటే పెద్ద బట్టల బాధ ముప్పాతిక తీరినట్టే.

ఏ దారి ఎంచుకున్నా రెండు పనులు వెంటనే చేయాలి. మొదటిది బూజు. బీరువాను గోడకు అర అడుగు జరిపి, అత్తగారిని ఆ పూటకు ఇంకో గదిలో ఉంచి, కిటికీలు తెరిచి, ముక్కుకు మాస్కు, చేతులకు గ్లౌజులు వేసుకుని, పలుచటి బ్లీచింగ్ నీళ్ళతో గోడ తుడిచి ఆరనివ్వండి. పొడిగా చీపురుతో దులిపితే రేణువులు ఇల్లంతా ఎగురుతాయి. తుడిచిన చోటే పదిహేను రోజుల్లో మళ్ళీ వచ్చిందంటే గోడలో పైపు కారుతోందేమో చూపించండి. కారుతుంటే అది యజమానులు బాగు చేయించవలసిన పని.

రెండవది ప్లగ్గు. లండన్ కరెంటు కూడా మనలాగే 230 వోల్టులు కనుక వస్తువుకు ఇబ్బంది లేదు. దాని ప్లగ్గుకు మూడు దీర్ఘచతురస్రాకారపు కాళ్ళుంటాయి. దాన్ని మన సాకెట్లో పెట్టడానికి మీరు బజారులో కొన్న అడాప్టర్‌కు మన వైపు రెండే కాళ్ళున్నట్టు మీ వర్ణన బట్టి తోస్తోంది. అలాగైతే ఎర్త్ తెగిపోయినట్టే. తడి బట్టలు, లోహపు కడ్డీలు, ఎర్త్ లేని ప్లగ్గు ఒకచోట చేరడం నాకు అత్తగారి దమ్ముకంటే ఎక్కువ భయం కలిగించింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మన మూడు కాళ్ళ ప్లగ్గు బిగించమనండి, ఆ గది సాకెట్‌కు ఎర్త్ నిజంగా ఉందో లేదో పరీక్షించమనండి, మీటరు దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే పెట్టించమని యజమానులతో మాట్లాడండి. ఇవి అయ్యేదాకా దాన్ని వాడకండి. ఆ తర్వాత కూడా నీళ్ళు కారే బట్టలు వేయడం, ఎక్స్‌టెన్షన్ బాక్సులో పెట్టడం, దుప్పటి కప్పడం, అది నడుస్తుండగా ఇంట్లో అందరూ నిద్రపోవడం వద్దు. పాకే వయసు బిడ్డ ఉన్నాడు. కడ్డీలు ముట్టుకుంటే చేయి వెనక్కి తీసుకునేంత వేడి ఉంటాయి.

మిగిలింది మనుషుల సంగతి. అత్తగారు మీతో ఒకటి, కూతురితో ఒకటి చెబుతున్నారని మీకు కోపంగా ఉంది. నాకు అందులో కపటం కనిపించలేదు. ఎప్పుడో ఒకసారి వచ్చే కూతురు, తల్లి ఇల్లు సుఖంగా ఉండాలని మోసుకొచ్చిన వస్తువును పట్టుకుని "ఇది నాకు పడటం లేదు" అని ఫోన్‌లో చెప్పడానికి ఆమెకు నోరు రావడం లేదు. తప్పు వస్తువుదని అంటే కూతురిని అన్నట్టవుతుంది కనుక, స్విచ్ వేసే మిమ్మల్ని అంటున్నారు. ఇది మీకు అన్యాయమే, కాదనను. కానీ దీనికి మందు వాదన కాదు. "అత్తమ్మా, మీరన్నది నిజమే, హాల్లో పెట్టడం వల్ల చెమ్మ చేరింది, దాన్ని మా గదిలోకి మార్చుతున్నాను" అని మీరే ముందుగా అంటే, తాను చెప్పిన మాట చెల్లిందన్న తృప్తి ఆమెకు ఉంటుంది, మీ బట్టలకు ఒక చోటు మీకు దొరుకుతుంది. మీ గదిలో ఏ బట్టలు ఆరుతున్నాయన్నది అప్పటి నుంచి ఎవరూ అడగవలసిన పని ఉండదు.

ఆడబిడ్డకు మాత్రం మీరు చెప్పకండి, మీ భర్త చెప్పాలి. ఆమె ఆయన తోబుట్టువు, జబ్బు ఆయన తల్లిది, బిల్లు కట్టింది ఆయన. దసరా దాకా ఆగి, ఆమె వచ్చి హాల్లో దండెం ఏదని వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోకుండా, ఈ వారంలోనే ఫోన్ చేసి, హాల్లో వాడితే అమ్మకు పడలేదని, ఇప్పుడు బాబు గుడ్డలకు మా గదిలో వాడుకుంటున్నామని చెబితే సరిపోతుంది. ఆ దేశంలో ఉంటున్న మనిషి కనుక ఇంట్లో ఆరబెడితే బూజు వస్తుందన్న మాట ఆమెకు కొత్తగా ఉండదు. ఒకవేళ గది మార్చాక కూడా రెండు మూడు వారాల్లో అత్తగారి దమ్ము తగ్గకపోయి, వైద్యులు కూడా ఇంట్లో చెమ్మ వద్దంటే, అప్పుడు దాన్ని ఆపేసి సందులో రేకు సంగతి గట్టిగా పట్టుకోండి. ఆ మాట కూడా లండన్‌కు మీ భర్త నోటి నుంచే వెళ్ళాలి.